కోటలు ఇక్కడ, రాజులు ఎక్కడో: రాజస్థాన్‌లో ఒక చలికాలం ప్రయాణం

రాజస్థాన్ వెళ్దామని పట్టుబట్టింది మా చిన్నాయన. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. హల్దీఘాటీ యుద్ధం పాఠం ఎన్ని బ్యాచులకు చెప్పాడో గానీ ఆ మట్టిని మాత్రం కళ్ళారా చూడలేదని ఎప్పటినుంచో బాధ. రైలు కదలగానే నాకొక షరతు పెట్టాడు. "కోట ఎంత ఎత్తుంది, ఎన్ని గదులున్నాయి అని అందరూ అడుగుతారు నాయనా. మనం ఒకటే అడగదాం. దీన్ని కట్టించినాయన యాడ పోయినాడు, ఎవరి పని మీద పోయినాడు అని." అప్పుడు తలూపాను, అంతే. తర్వాత చూస్తే మేం ఏ కోటలో ఎంతసేపు ఉండాలో కూడా ఆ ప్రశ్నే తేల్చింది.

ఆదివారం, ఆమేర్

జైపూర్‌లో దిగి స్నానాలు, టిఫిన్ ముగించుకుని ఆమేర్‌కి ఆటో మాట్లాడుకున్నాం. ఏనుగు ఎక్కమని అడిగినవాళ్ళకి వద్దని చెప్పి మెట్లదారిన నెమ్మదిగా పైకి నడిచాం. జలేబ్ చౌక్ దాటి, దీవానే ఆమ్ చూసి, గణేశ్ పోల్ (పోల్ అంటే కోట ద్వారం) కింద నుంచి లోపలికి వెళ్తే జనమంతా శీష్ మహల్ ముందే ఉన్నారు, ఫోన్లు పైకెత్తి. అద్దాల పని నిజంగానే అద్భుతం, కాదనను. కానీ మీరు వెళ్తే అక్కడే ఆగిపోకండి. ఇంకా వెనక్కి వెళ్తే మాన్‌సింగ్ మహల్ వస్తుంది, కోటలో బాగా పాత భాగం, 1599లో పూర్తయింది. మధ్యలో బారాదరి అనే స్తంభాల మండపం, చుట్టూ రాణుల గదులు, గోడల మీద వెలిసిపోయిన రంగులు. జనం తక్కువ. చిన్నాయన ఆ బారాదరి మెట్ల మీద కూర్చుని కథ మొదలుపెట్టాడు.

1562కి ముందు ఆమేర్ చిన్న రాజ్యం. రాజా భార్‌మల్‌కి ఇంట్లోనే పోటీ ఉంది, అన్న కొడుకు గద్దె నాదంటున్నాడు, పక్కన మొఘల్ అధికారి ఒకడు మనుషుల్ని బందీలుగా పట్టుకుని కప్పం కోసం పీడిస్తున్నాడు. ఆ ఇరకాటంలో భార్‌మల్ అక్బర్‌ని కలిశాడు, సాంభర్‌లో కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. ఆమే జహంగీర్ తల్లి. భార్‌మల్ మనవడు మాన్‌సింగ్ అక్బర్ కొలువులో ఏడు వేల మన్సబు దాకా ఎదిగాడు. రాజకుమారులకు తప్ప మామూలుగా ఇంకెవరికీ దక్కని స్థాయి అది.

మన్సబు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మిగతా కోటల కథ చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది. మన్సబు అంటే మొఘల్ కొలువులో హోదా. ప్రతి మన్సబుదారుకీ రెండు అంకెలుండేవి. జాత్ అంటే అతని హోదా, సొంత జీతం. సవార్ అంటే అతను ఎంతమంది గుర్రపు రౌతుల్ని సిద్ధంగా ఉంచాలో ఆ లెక్క. జీతం నగదు రూపంలో కాకుండా ఎక్కువగా జాగీరు రూపంలో, అంటే ఫలానా పరగణాల శిస్తు వసూలు చేసుకునే హక్కుగా వచ్చేది. రాజపుత్ర రాజులకు సొంత రాజ్యాన్ని వతన్ జాగీరుగా వదిలేసేవారు, అది బదిలీ కాదు. దానికి తోడు గుజరాత్‌లోనో పంజాబ్‌లోనో దక్కన్‌లోనో ఇంకా జాగీర్లు. అంటే ఎడారిలో పండని పంటకు బదులు పచ్చటి పరగణాల డబ్బు ఇంటికొచ్చేది, ఆ డబ్బుతో ఈ మహళ్ళు లేచాయి. దానికి బదులుగా బాద్‌షా ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి.

మాన్‌సింగ్ కాబూల్ వెళ్ళాడు, బీహార్, బెంగాల్‌లకు సుబేదారుగా, అంటే బాద్‌షా తరఫు పాలకుడిగా ఉన్నాడు. ఆమేర్ కోటలో పూజలందుకునే శిలాదేవి ఆయన బెంగాల్ నుంచి తెచ్చిన విగ్రహమే. చివరికి 1614లో దక్కన్‌లో, ఎలిచ్‌పూర్‌లో కన్నుమూశాడు. శీష్ మహల్ కట్టించిన మీర్జా రాజా జైసింగ్ 1665లో శివాజీతో పురందర్ ఒప్పందం కుదిర్చి, రెండేళ్ళకి బుర్హాన్‌పూర్‌లో పోయాడు. చిన్నాయన జేబులోంచి నోట్‌బుక్ తీసి రెండు ఊళ్ళూ రాసుకున్నాడు.

సోమవారం, జైపూర్

జైపూర్ గురించి అందరూ రాస్తారు, నేను తొందరగా దాటేస్తాను. 1727లో సవాయి జైసింగ్ కొండ మీది ఆమేర్ వదిలి మైదానంలో ఈ నగరం వేయించాడు, గీత గీసినట్టు వీధులు. ప్లాన్‌లో ముఖ్యుడు బెంగాల్ మూలాలున్న విద్యాధర్ భట్టాచార్య. జంతర్ మంతర్ వేధశాలలో సామ్రాట్ యంత్రం అనే పెద్ద నీడగడియారం నీడ రాతి చాపం మీద జరుగుతుంటే ఓపిగ్గా నిలబడి చూడండి, కదలిక కంటికే తెలుస్తుంది. ఔరంగజేబు తర్వాత ఢిల్లీ బలహీనపడింది కాబట్టే ఈ రాజుకి సొంత ఊరి మీద పెట్టడానికి డబ్బూ, సమయమూ మిగిలాయని నా అభిప్రాయం. రాత్రికి బికనీర్ రైలెక్కాం.

మంగళవారం, బికనీర్

నేను అసలు వచ్చింది దీనికోసమే. మాది ఆదోని. బికనీర్ మహారాజా అనూప్‌సింగ్ 1698లో చనిపోయింది మా ఊళ్ళో. చిన్నప్పటినుంచీ మా కొండ మీది కోట ఎక్కాం, దిగాం, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ముందు నుంచి బడికి వెళ్ళాం, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నాయన కూడా చాలా ఆలస్యంగా తెలుసుకున్నాడు.

జునాగఢ్ కొండ మీద ఉండదు. చదునైన నేల మీద, చుట్టూ కందకంతో, ఊరి మధ్యలోనే ఉంటుంది. 1589లో మొదలుపెట్టి 1594కి పూర్తి చేయించిన రాజా రాయ్‌సింగ్ కూడా అక్బర్, జహంగీర్ల కొలువులో సేనానే, ఆయన 1612లో పోయింది బుర్హాన్‌పూర్‌లో. సూరజ్ పోల్ దగ్గర రెండు ఏనుగుల మీద ఇద్దరు వీరుల విగ్రహాలుంటాయి, జైమల్, పత్తా. వీళ్ళిద్దరూ 1568లో చిత్తోర్‌ని కాపాడుతూ అక్బర్ సేన చేతిలో చనిపోయినవాళ్ళు. అక్బర్ కొలువులో పనిచేసిన రాజు కోట వాకిట్లో అక్బర్‌తో పోరాడి చచ్చినవాళ్ళ విగ్రహాలు! ఆ కాలం మనుషుల మనసు అర్థం కావాలంటే ఈ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. యజమాని ఎవరైనా కావచ్చు, శౌర్యానికి మర్యాద మాత్రం ఇవ్వాల్సిందే.

దౌలత్ పోల్ గోడ మీద సతీ సహగమనం చేసిన రాణుల చేతి ముద్రలున్నాయి. ఎర్రరంగు పూసి, వరసలుగా. కొన్ని చాలా చిన్న చేతులు. చిన్నాయన ముందుకెళ్ళిపోయాడు, నేను కాసేపు అక్కడే ఉండిపోయాను. రాజు ఆదోనిలోనో ఔరంగాబాద్‌లోనో పోయినా, ఆ వార్త ఎడారి దాటి ఇక్కడికి చేరేసరికి ఇంట్లో ఆడవాళ్ళు దాని ధర చెల్లించాల్సి వచ్చేది. వీరగాథలు చెప్పుకునేటప్పుడు ఈ గోడని వదిలేయడం అన్యాయం.

అనూప్ మహల్‌లోకి అడుగుపెడితే కళ్ళు చెదురుతాయి. ఎర్రటి లక్క మీద బంగారు రేకుల పూలతీగలు, మధ్యలో అద్దపు ముక్కలు, అంగుళం ఖాళీ లేదు. బికనీర్‌లో ఈ బంగారు నకాషీ చేసే ఉస్తా కళాకారులు ఇప్పటికీ ఒంటె తోలు మీద అదే పని చేస్తున్నారు. ఇప్పుడు కనిపించే మెరుగులో కొంత తర్వాతి రాజులది. దగ్గర్లోనే బాదల్ మహల్ గది, గోడల నిండా నీలి మబ్బులు, తెల్లటి మెరుపులు, కిందికి జారుతున్న వాన చారలు. వాన కోసం ఏళ్ళ తరబడి ఆకాశం చూసే నేలలో వాననే గోడ మీద గీయించుకున్నారు. కరువు సీమలో పుట్టినవాళ్ళం, ఆ గదిలో మాకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని రాలేదు.

అనూప్‌సింగ్ తండ్రి కర్ణసింగ్ ఔరంగజేబు ఆగ్రహానికి గురై, 1669లో ఔరంగాబాద్‌లోనే చనిపోయాడు. అక్కడ ఆయన పేరు మీద కరణ్‌పురా ఇప్పటికీ ఉంది. కొడుకు కూడా జీవితమంతా దక్కన్‌లోనే గడిపాడు. 1687లో గోల్కొండని ఎనిమిది నెలలు చుట్టుముట్టిన సేనలో ఈయనా ఉన్నాడు. తానాషా గోల్కొండ కథ మనకి అక్కన్న, మాదన్నలతో, చివర్లో రాత్రిపూట తెరిచిన తలుపుతో తెలుసు. ఆ గోడల బయట గుడారాల్లో ఎడారి నుంచి వచ్చిన రాఠోడ్ వంశపు రౌతులు కూడా ఉన్నారని నేను ఎప్పుడూ ఊహించలేదు. తర్వాత ఆదోని మొఘలుల చేతికొచ్చింది, ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు, అనూప్‌సింగ్‌ని అక్కడ అధికారిగా పెట్టారు.

అయితే ఆ మనిషి యుద్ధాల మధ్య చేసిన ఇంకో పని ఉంది. దక్కన్‌లో ఎక్కడెక్కడ సంస్కృత వ్రాతప్రతులు దొరికితే అక్కడ కొని, సేకరించి, బికనీర్‌కి పంపాడు. అవి చెదిరిపోకుండా ఇవాళ్టికీ ఆయన పేరుతోనే ఉన్న అనూప్ సంస్కృత గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన ఆస్థానంలో భావభట్టు సంగీతం మీద రాసిన గ్రంథాల్లో రాజు పేరే ముందుంటుంది, అనూప సంగీత రత్నాకరం, అనూప సంగీత విలాసం. దక్కన్ నుంచి దేవతా విగ్రహాలు కూడా తీసుకొచ్చాడు. కోటలో ముప్పై మూడు కోట్ల దేవతల గుడి అనేది వాటికోసమే, అందులో సింహం మీద కూర్చున్న హేరంబ గణపతి ముఖ్యం. మేం వెళ్ళిన వేళకి ఆ గుడి తలుపులు వేసి ఉన్నాయి.

ఆ విగ్రహాలు ఏ ఊరివో, ఏ గుడివో, వాటి ముందు ఎవరు దీపం పెట్టేవారో. కాపాడాడు అనాలా, తీసుకుపోయాడు అనాలా అని చిన్నాయనని అడిగాను. "రెండూ నిజమే నాయనా. దండు వెంట వచ్చినోడే, గోల్కొండ మీద పడినోడే, పుస్తకం కాలిపోకూడదని తపించినోడు గూడా ఆయనే. ఒకటి చెప్పి ఇంకోటి దాచితే పాఠం అయితాది గానీ చరిత్ర కాదు." నోట్‌బుక్‌లో ఆదోని అని మాత్రం పెద్ద అక్షరాలతో రాశాడు.

బుధవారం, దారిలో

దేశనోక్ కరణీమాత గుడి చూసుకుని, ఎలుకల మధ్య కాళ్ళు జాగ్రత్తగా వేసుకుంటూ దండం పెట్టుకుని, జోధ్‌పూర్ బస్సెక్కాం. దారంతా ఖేజ్‌డీ చెట్లు (మన జమ్మి), ఇసుక, మళ్ళీ ఖేజ్‌డీ చెట్లు. సాయంత్రం జోధ్‌పూర్ ఘంటాఘర్ దగ్గర మిర్చీ బడా తిన్నాం. లోపల బంగాళాదుంప కూర దట్టించిన లావాటి మిరపకాయ, కారానికి అలవాటుపడ్డ మా నోటికి అది చల్లగానే ఉంది.

గురువారం, జోధ్‌పూర్

మెహ్రాన్‌గఢ్ కింద నుంచి చూస్తేనే మెడ నొప్పి పుడుతుంది. కొండరాయి ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలీదు. 1459లో రావు జోధా మొదలుపెట్టాడు. పునాదిలో రాజారామ్ మేఘ్‌వాల్ అనే ఆయన్ని సజీవంగా సమాధి చేశారని ఇక్కడివాళ్ళు చెప్తారు, కోటలో ఆయన పేరిట రాయి కూడా ఉంది. దాని దగ్గర ఆగేవాళ్ళు తక్కువ, దయచేసి మీరు ఆగండి.

జోధా కాలంలో రాఠోడ్ రాజు అంటే అన్నదమ్ముల్లో పెద్దవాడు, అంతకంటే ఎక్కువ కాదు. భాయీబంద్, అంటే వంశంలోని అన్నదమ్ములంతా, కలిసి నేల గెలిచారు, కలిసి పంచుకున్నారు. జోధా కొడుకు బీకా వేరుపడి వెళ్ళి పెట్టుకున్నదే బికనీర్. మొఘల్ మన్సబు వచ్చాక ఈ లెక్క తిరగబడింది. గద్దె ఎవరిదో బాద్‌షా నుదుట పెట్టే తిలకం (టీకా) తేల్చింది, జాగీరు డబ్బు రాజు చేతికి వచ్చింది, అన్నదమ్ములు రాజు దగ్గర పట్టా తీసుకుని చాకిరీ చేసే ఠాకూర్లయ్యారు. రాజపుత్ర రాజ్యం అని మనం అనుకునే ఆ రూపం, దర్బారు, వరసలు, మర్యాదలు, చాలావరకు ఈ కాలంలోనే గట్టిపడింది.

ఇదంతా లెక్కలతో తెలియడానికి కారణం ముహణోత్ నైణసీ. మహారాజా జస్వంత్‌సింగ్ దగ్గర దివాను, రాఠోడ్ కాదు, జైనుడు. మార్వార్‌లో, అంటే జోధ్‌పూర్ రాజ్యంలో, పరగణా పరగణా తిరిగి ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఏ కులాలవాళ్ళు, ఏం పండుతుంది, ఎంత శిస్తు అని విగత్ రాయించాడు, వంశాల కథలతో ఖ్యాత్ రాశాడు. అలాంటి మనిషిని రాజు ఖైదులో వేశాడు, 1670లో నైణసీ ఆత్మహత్య చేసుకున్నాడు. మ్యూజియంలో కత్తులకి, అంబారీలకి, పల్లకీలకి గదులకు గదులున్నాయి. నాకైతే నైణసీకి ఒక పెద్ద గది ఉండాలనిపించింది. ఆ కాలపు పల్లెని మనకి చూపించినవాడు ఆయన.

జస్వంత్‌సింగ్ 1678లో ఖైబర్ కనుమ ముందున్న జమ్రూద్‌లో చనిపోయాడు, వారసుడు లేకుండా. లాహోర్‌లో రాణికి తర్వాత పుట్టినవాడు అజిత్‌సింగ్. ఔరంగజేబు గద్దె ఇవ్వకపోతే దుర్గాదాస్ రాఠోడ్ ఆ పసివాణ్ణి ఢిల్లీ నుంచి తప్పించి దాచాడు, 1707 దాకా పోరాటం సాగింది. జోధ్‌పూర్‌లో ఇప్పటికీ దుర్గాదాస్ పేరు ఎత్తితే ఆటోవాలా కూడా గొంతు మార్చి మాట్లాడతాడు. కానీ రాజ్యం తిరిగొచ్చాక అజిత్‌సింగ్‌కీ ఆయనకీ చెడింది, దుర్గాదాస్ మార్వార్ వదిలి వెళ్ళిపోయి 1718లో ఉజ్జయినిలో పోయాడు. అజిత్‌సింగ్‌ని 1724లో సొంత కొడుకే చంపాడు. సాయంత్రం మండోర్ తోటలో అజిత్‌సింగ్ దేవల్, అంటే స్మారక మందిరం చూశాం, ఎర్రరాతి గుడి ఆకారం, అన్నిట్లోకీ పెద్దది. స్తంభాల మధ్య కోతులు ఆడుకుంటున్నాయి.

శుక్రవారం, ఖేజడ్లీ

పొద్దున్నే కారు మాట్లాడుకుని ఖేజడ్లీ వెళ్ళాం. ముందురోజు మెహ్రాన్‌గఢ్‌లో బంగారు కప్పుతో మెరిసే ఫూల్ మహల్ చూశాం, అది అజిత్‌సింగ్ కొడుకు అభయ్‌సింగ్ కట్టించింది. అదే అభయ్‌సింగ్ కాలంలో, 1730లో, సున్నం కాల్చడానికి కట్టెలు కావాలని ఈ ఊరికి మనుషుల్ని పంపారు. ఇక్కడి బిష్ణోయీ శాఖవాళ్ళకు ఖేజ్‌డీ చెట్టు ప్రాణంతో సమానం. అమృతాదేవి చెట్టుని కౌగిలించుకుని నిలబడింది, ఆమెనీ కూతుళ్ళనీ నరికారు, తర్వాత ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు, మొత్తం 363 మంది. రాజుకి తెలిసి ఆపించాడని, బిష్ణోయీ ఊళ్ళలో చెట్టు కొట్టకూడదని హామీ ఇచ్చాడని చెప్తారు.

అక్కడ స్మారకస్తంభం ఉంది, చుట్టూ చెట్లు, నెమళ్ళు, మనిషిని చూసి బెదరని జింకలు. టికెట్ లేదు, గైడ్ లేడు. ఈ యాత్రలో ఒక్కచోటే చూడగలిగే టైముంటే ఎక్కడికి వెళ్ళమంటావని అడిగితే నేను ఖేజడ్లీ పేరే చెప్తాను.

శనివారం, కుంభల్‌గఢ్, హల్దీఘాటీ

ముందురోజు రాత్రే ఆరావళీ కొండలెక్కి కుంభల్‌గఢ్ చేరాం. రాణా కుంభా కట్టించిన గోడ 36 కిలోమీటర్లు, కొండల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. మహారాణా ప్రతాప్ 1540లో పుట్టింది ఇక్కడే. ఆయన రాజ్యం మేవాడ్ ఎందుకు అన్నాళ్ళు నిలబడిందో ఆ బురుజు మీద నిలబడితే తెలుస్తుంది, ఎటు చూసినా కొండ వెనక కొండ, అడవి, ఇరుకు దారులు.

హల్దీఘాటీలో చిన్నాయన కిందికి వంగి చిటికెడు మట్టి తీసి చేతిలో నలిపాడు, పేరుకి తగ్గట్టు పసుపు రంగే. 1576 జూన్‌లో ఇక్కడ జరిగింది మతాల యుద్ధం అని ఎవరైనా అంటే నమ్మకండి. అక్బర్ సేనకి నాయకుడు ఆమేర్ మాన్‌సింగ్. ప్రతాప్ వైపు హకీమ్ ఖాన్ సూర్ అనే పఠాను, పూంజా అనే నాయకుడి వెంట భిల్లులు, గ్వాలియర్ రాజ్యం పోగొట్టుకుని వచ్చిన రామ్‌షా తోమర్, ఆయన కొడుకులు. మొఘల్ సేన వెంట వచ్చిన చరిత్రకారుడు బదాయూనీ, మన రాజపుత్రులెవరో వాళ్ళ రాజపుత్రులెవరో ఎలా పోల్చుకోవాలని పక్కవాణ్ణి అడిగానని తనే రాసుకున్నాడు. ఖమ్‌నోర్‌లో రక్త్ తలాయి దగ్గర తోమర్ల ఛత్రీలు, అంటే గొడుగు ఆకారంలో కప్పున్న స్మారక మండపాలున్నాయి. ప్రతాప్ గుర్రం చేతక్ సమాధి దగ్గర ఉన్న జనంలో పదోవంతు కూడా అక్కడ లేరు. చిన్నాయన అక్కడ చెప్పులు విప్పి దండం పెట్టాడు.

ఆదివారం, ఉదయ్‌పూర్

సిటీ ప్యాలెస్, పిఛోలా సరస్సు, జగదీశ్ గుడి, అన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం ఆహడ్ వెళ్ళాం, మేవాడ్ రాణాల దహనస్థలం. తెల్లరాతి ఛత్రీలు వరసలు వరసలుగా. మొదటిది అమర్‌సింగ్‌ది.

ప్రతాప్ 1597లో చావండ్‌లో, తన నేల మీదే పోయాడు. కొడుకు అమర్‌సింగ్ ఇంకా పద్దెనిమిదేళ్ళు పోరాడాడు. ఊళ్ళు కాలిపోయి, రైతులు చెదిరిపోయి, సర్దారులు అలసిపోయాక 1615లో రాజకుమారుడు ఖుర్రమ్ ద్వారా జహంగీర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అందులో రాణాకి దక్కిన పెద్ద మర్యాద ఒకటుంది, ఆయన స్వయంగా దర్బారుకి రానక్కర్లేదు, కొడుకు వస్తే చాలు. ఆ ఒక్క షరతు విలువ నాకు ఆహడ్‌లోనే అర్థమైంది. ఆమేర్, బికనీర్, జోధ్‌పూర్ రాజుల పేర్ల పక్కన చిన్నాయన నోట్‌బుక్‌లో ఎలిచ్‌పూర్, బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్, జమ్రూద్ ఉన్నాయి. ఇక్కడ అమర్‌సింగ్ పేరు పక్కన ఉదయ్‌పూర్ అని రాసుకున్నాడు.

అమర్‌సింగ్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. తండ్రి కంటే ఒక్క యుద్ధం తక్కువ చేయలేదు. జనాన్ని బతికించాలంటే ఆపాలని తెలిసి, ఆ చెడ్డపేరు తన మీద వేసుకున్నాడు.

సోమవారం, చిత్తోర్

పొద్దున బస్సులో చిత్తోర్. ఏడు గేట్లు దాటుతూ పైకి ఎక్కేటప్పుడు దారిలో జైమల్ పడిన చోట ఛత్రీ, పత్తా పడిన చోట ఇంకో గుర్తు. 1568లో కోట పడ్డాక అక్బర్ ఆజ్ఞతో జరిగిన ఊచకోతలో ముప్పై వేలమంది పోయారని ఆ కాలపు రచనలే చెప్తాయి, వాళ్ళలో ఎక్కువమంది రైతులు. అక్బర్ మంచివాడా చెడ్డవాడా అని వాదించుకునేవాళ్ళు ఈ మాట దాచకూడదు.

1615 ఒప్పందంలో చిత్తోర్‌ని రాణాకి తిరిగిచ్చారు, కానీ గోడలు బాగుచేయకూడదన్నారు. నలభై ఏళ్ళ తర్వాత రాణాలు మరమ్మతు చేయిస్తుంటే షాజహాన్ 1654లో సేనని పంపి కట్టినదంతా పడగొట్టించాడు. ఇల్లు ఇచ్చి తలుపు పెట్టుకోవద్దన్నట్టు. కోట పడమటి అంచున నడుస్తూ చిన్నాయన ప్రతి విరిగిన గోడ దగ్గరా ఆగి, ఇది 1568దా 1654దా అని అడుగుతూనే ఉన్నాడు. అక్కడున్న గైడు ఓపికగా, తనకి తెలిసినంతవరకు, ఒక్కొక్కటే చూపించాడు.

తిరుగు రైల్లో నోట్‌బుక్ నా చేతికిచ్చి వచ్చే చలికాలానికి టికెట్లు చూడమన్నాడు. బుర్హాన్‌పూర్‌లో మీర్జా రాజా జైసింగ్ ఛత్రీ ఉంది, ఔరంగాబాద్‌లో కరణ్‌పురా ఉంది, రెండూ కలిపి ఒకే ప్రయాణంలో చూడొచ్చు.